సంఘంలో సభ్యుడెవరు?

తెలంగాణలో 'సంఘం' అన్న మాటకు రెండు చరిత్రలున్నాయి. 1940లలో ఆంధ్ర మహాసభను పల్లె జనం 'సంగం' అన్నారు. దొరకు ఎదురు నిలిచినోళ్లు సంగపోళ్లయ్యారు. అదే మాటను మాల, మాదిగ వాడలు చర్చికి కూడా పెట్టుకున్నాయి: మా సంఘం, సంఘ పెద్దలు, సంఘ కానుక. ఒంటరిగా నిలవలేని మనుషులు కూడి నిలవడమే రెండుచోట్లా అర్థం. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు చర్చిలను ఈ కొలబద్దతోనే చూడాలని మా ఉద్దేశం.

సంఘ ఉద్దేశాలేమిటని అడిగితే ఏ పాస్టరుగారైనా ఐదు చెప్తారు: ఆరాధన, సహవాసం, బోధ, పరిచర్య, సువార్త. అమెరికాలో రిక్ వారెన్ 1995లో రాసిన పుస్తకం ఈ ఐదింటికి దేశదేశాల్లో ప్రచారం కల్పించింది. వీటిలో తప్పు పట్టాల్సిందేమీ లేదు. కాని మన దగ్గర ఈ ఐదింటిని బోధించే తీరులో సభ్యుడు చేయవలసిన పనే వినపడుతుంది, సభ్యుడు నిర్ణయించవలసిన విషయం వినపడదు. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం వేరే సంగతి చెప్తుంది. రోజూ జరిగే పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని సణుగుడు పుట్టింది. అపొస్తలులు ఆ నోళ్లు మూయించలేదు. అందర్నీ పిలిచి, ఏడుగురిని మీరే ఏర్పరచుకోండన్నారు. పంపకం గురించి అడగడం అవిశ్వాసమైతే ఆ ఏడుగురు ఎక్కడినుంచి వచ్చినట్టు?

క్రైస్తవం మనకు మిషనరీ పెట్టిన భిక్ష అనేది కూడా సగం అబద్ధమే. ఒంగోలు ప్రాంతంలో మిషనరీ క్లౌ దగ్గరికి మాదిగల్ని నడిపించినవాడు యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగే. మనకు దగ్గరలోని మెదక్ కతీడ్రల్ 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. కరువులో తిండిగింజల కోసం రాళ్లు మోసిన కూలీల చెమట ఆ గోడల్లో ఉంది. చేతులు మనవే, తీర్మానాలు మాత్రం వేరేవాళ్లవి. ఆ అలవాటు ఇంకా పోలేదు.

ఈ రెండు మండలాల వాడల్లో మాకు కనపడేది ఇదీ. ఆదివారం చాపలు పరిచేది, ఊడ్చేది, వండేది, గుప్పెడు బియ్యం తీసి పెట్టేది ఆడవాళ్లు. కంపెనీల్లో నెలజీతానికి పోయే పిల్లలు దశమభాగం ఇస్తారు. అయినా చాలా చిన్న సంఘాల్లో లెక్క చదవరు. స్థలం ఎవరి పేరున ఉందో సంఘానికి తెలియదు. రింగురోడ్డు వచ్చాక ఇక్కడ గజం భూమి కూడా ఆస్తే కదా! ట్రస్టు పెడితే మాట ట్రస్టీలది. సొసైటీ పెడితే సర్వసభ్య సమావేశం ఉండాలి, సభ్యులకు ఓటుండాలి. ఏది ఎంచుకున్నారో ఎంతమంది అడిగారు?

అడగకపోవడానికి భక్తి ఒక్కటే కారణం కాదు. సభ్యుడికి తన పేరంటేనే భయం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువుకు తప్ప మరొకరికి ఎస్సీ హోదా లేదన్నది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుడికి మిగిలింది బీసీ-సి కింద ఒక్క శాతం. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసినా ప్రభుత్వాలు కదల్లేదు. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు పుదుచ్చేరి మహిళ కేసులో బాప్తిస్మాన్ని, చర్చికి వెళ్లడాన్ని సాక్ష్యంగా తీసుకుని ఎస్సీ సర్టిఫికెట్ కుదరదన్నది. క్రైస్తవుడైన ఫిర్యాదుదారుకు అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా చెప్పింది. ఊళ్లో కులం పేరుతో తిట్టేవాడు మాత్రం బాప్తిస్మం అడిగి తిట్టడు.

అందుకే 'పాస్టరుగారూ, ప్రార్థనకొస్తాం, రిజిస్టరులో మాత్రం పేరెక్కించకండి' అంటారు. పేరు లేని సభ్యుడు లెక్క అడగలేడు. లెక్క అడగని సంఘం పేరున్న నలుగురి సొంత ఆస్తవుతుంది. బయట రాజ్యం పెట్టిన భయం లోపల పెద్దరికానికి పెట్టుబడి అయింది. మా వాదనంతా ఇదే.

దళిత ఉద్యమంలోని మిత్రులు చర్చిని మత్తుమందని తోసేస్తుంటారు. 1985లో కారంచేడు బాధితులు పారిపోయి తలదాచుకున్నది చీరాల చర్చి ఆవరణలోనే. ఆ శిబిరం నుంచే ఉద్యమం లేచింది. ఆ తలుపులు మూసుకుని ఉంటే మన చరిత్ర వేరుగా ఉండేది. కాబట్టి చర్చిని వదిలేయడం కాదు, సంఘం చేసుకోవడమే పని.

రిజిస్టరులో పేరు రాసుకొమ్మని మేము ఎవర్నీ నిలదీయం. పిల్లల ఫీజు, ఉద్యోగం పణంగా పెట్టమనే హక్కు మాకు లేదు. కాని ప్రతి మూడు నెలలకు ఒక ఆదివారం ఆరాధన తర్వాత లెక్క పైకి చదవచ్చు. స్థలం కాగితం అందరి ముందు విప్పవచ్చు. పెద్దల్ని ఆడవాళ్లతో సహా చెయ్యెత్తి ఎన్నుకోవచ్చు. చెయ్యెత్తడానికి ఏ సర్టిఫికెట్టూ అడ్డురాదు. ఎలాగూ బీసీ-సిలో ఉన్నవాళ్లు కాగితాల మీద ముందు నిలబడవచ్చు. ఆ పల్పిట్ మీంచే మూడో పేరా గురించి కూడా మాట్లాడాలి. తన సభ్యుడు తన పేరు తాను చెప్పుకోలేని స్థితి గురించి నోరెత్తని సంఘం, ఐదు ఉద్దేశాలను గోడ మీద ఎంత అందంగా రాసుకున్నా ఎవరి కోసం రాసినట్టు?