డిగ్రీ పట్టాలో లేని మేము

చదువు మనిషిని విశాలం చేస్తుందంటారు. 1990-93 మధ్య ఒక జిల్లా కేంద్రంలో తెలుగు మీడియం బి.ఏ. చదివిన మేము ఆ మాటను కొంచెం తరచి చూడదలచుకున్నాం.

పాఠాల సంగతి చెప్పడానికి ఎక్కువేం లేదు. నోట్సు చెప్పేవారు, రాసుకునేవాళ్ళం. పరీక్షలకు బజారు గైడ్లుండేవి. యూనివర్సిటీ మాకు కనబడింది హాల్‌టికెట్ మీదా, మార్కుల మెమో మీదా మాత్రమే.

మాలో ఎక్కువమందిమి టైలర్ల, సైకిల్ షాపుల, తోపుడుబండ్ల ఇళ్ళ పిల్లలం. అమ్మీతో ఉర్దూ, గడప దాటితే తెలుగు. రాతకోతలన్నీ తెలుగులోనే. అయినా 'తెలుగు బాగానే మాట్లాడుతున్నావే!' అని లెక్చరర్లు ఆశ్చర్యపడేవారు. పక్క బెంచీలోని రెడ్డిగారబ్బాయిని ఎవరూ అలా మెచ్చుకోలేదు. సొంత భాషలో మమ్మల్ని చుట్టాల్ని చేసే మెచ్చుకోలది.

పద్యం మీద ఇష్టం మాత్రం ఆ క్లాసు పెట్టిన భిక్షే, కాదనం. కానీ అచ్చతెలుగులో తొలి కావ్యమని చెప్పే 'యయాతి చరిత్ర'ను పొన్నికంటి తెలగన గోల్కొండ కొలువులోని అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడనీ, ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారనీ, పిఠాపురంలో ఉమర్ అలీషా అనే తెలుగు కవి ఉండేవాడనీ ఏ క్లాసులోనూ వినలేదు. లైబ్రరీ బీరువాల్లో వెతుక్కున్నాం. చరిత్ర పేపర్లో మాత్రం దండిగా ఉన్నాం. మాలిక్ కాఫర్ వచ్చాడు, 1323లో ఓరుగల్లు పడింది. దండెత్తిన చోటల్లా మేమే. దూదేకిన చోట, మగ్గం నేసిన చోట లేము.

1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదును కూల్చాక విద్యార్థి సంఘం మిత్రులు ఊరేగింపు తీశారు. షుక్రియా. వాళ్ళ కరపత్రం మాత్రం రెండు మతోన్మాదాలూ సమానమేనంది. కొట్టినవాణ్ణీ దెబ్బ తిన్నవాణ్ణీ ఒకే త్రాసులో తూచే ఈ లౌకికవాదం ఎవరిది? 'ఇది మా నొప్పి' అనబోతే, వర్గం గురించి మాట్లాడండి అన్నారు. పంక్చర్లేసే వాళ్ళ కొడుకులకు వర్గం గురించి పాఠం!

మావాళ్ళనూ అడగాలి. ఇంటర్‌లో మాతో చదివిన మా ఆడపిల్లల్లో డిగ్రీకొచ్చింది ఇద్దరే. పేదరికమని సరిపెట్టలేం. పెళ్ళికి అప్పుచేసిన ఇళ్ళు ఫీజుకు చేయలేదు. జుమ్మా తఖ్రీర్లలో ఈ ముచ్చట ఎన్నడూ రాలేదు.

ఇరవయ్యేళ్ళు దాటిన ముస్లింలలో డిగ్రీయో డిప్లొమానో ఉన్నవాళ్ళు నూటికి నలుగురు కూడా లేరని 2006లో సచార్ కమిటీ చెప్పినప్పుడు చాలామంది ఉలిక్కిపడ్డారు. క్లాసులో హాజరు పిలుస్తుంటే విన్న మాకు అది కొత్త కాదు. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో వెనకబడిన ముస్లింలకొచ్చిన 4 శాతం రిజర్వేషన్‌తో మా తర్వాతి వాళ్ళు ఇంజనీరింగ్ దాకా వెళ్ళారు. వాళ్ళలో ఆడపిల్లలూ ఉన్నారు. తమ కాలేజీ రోజుల గురించి వాళ్ళు రాస్తే మేం రాయలేనివి చాలా ఉంటాయి.