దొరికినవి, దొరకనివి: పబ్‌మెడ్ శోధనపుటపై ఒక విమర్శ

వైద్యశాస్త్రంలో ఒక విషయాన్ని గురించి ఎవరెవరు ఏమేమి రాశారో తెలుసుకోదలచినవారు ఈనాడు ముందుగా తట్టే తలుపు ఒకటి ఉన్నది. దాని పేరు పబ్‌మెడ్. అమెరికాలో మేరీలాండు రాష్ట్రపు బెథెస్డా అనే ఊళ్ళో ఉన్న జాతీయ వైద్య గ్రంథాలయం దీనిని నడుపుతున్నది. మూడున్నర కోట్లకు మించిన వ్యాసాల వివరాలు ఇందులో చేరి ఉన్నాయి. 1997 నుంచీ ఎవరైనా సరే, దమ్మిడీ చెల్లించకుండా దీనిని వాడుకోవచ్చు. గుంటూరు వైద్య విద్యార్థికీ, బోస్టన్ నగరపు ఆచార్యుడికీ ఒకటే పుట, ఆ పుట మధ్య ఒకటే పెట్టె. అందులో నాలుగు మాటలు రాసి మీట నొక్కితే రెప్పపాటులో జాబితా వచ్చి తెరమీద నిలుస్తుంది. ఇంత సులభమైనదానిని తప్పుపట్టటం దేనికని ఎవరికైనా తోచవచ్చు. చిక్కంతా ఆ సౌలభ్యంలోనే ఉన్నది.

2001లో బాల్టిమోరు నగరంలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఉబ్బసవ్యాధికి సంబంధించిన ప్రయోగమొకటి జరిగింది. హెక్సామెథోనియం అనే మందును ఆరోగ్యవంతులచేత పీల్పించి, వారి శ్వాసనాళాలు ఎట్లా ప్రవర్తిస్తాయో గమనించటం అందులో ఒక భాగం. స్వచ్ఛందంగా వచ్చిన 24 ఏళ్ళ యువతి ఒకామె ఊపిరితిత్తులు చెడి, జూను 2వ తేదీన మరణించింది. ప్రయోగానికి పూనుకునేముందు పరిశోధకుడు పబ్‌మెడ్‌లో వెదకకపోలేదు. అయితే ఆనాటి పబ్‌మెడ్ పరిధి 1966తో మొదలయ్యేది. ఆ మందువల్ల ఊపిరితిత్తులకు చేటు కలగవచ్చునని సూచించిన వ్యాసాలు 1950 దశకం నాటివి. వెదకిన చోట అవి లేవు, ఉన్నచోట వెదకటం జరగలేదు.

నేరమంతా యంత్రంమీదికి నెట్టటం న్యాయం కాదు. పాత అచ్చు సంపుటాలు గ్రంథాలయాల అరల్లో ఉండనే ఉన్నాయి. తరువాతి కాలంలో పాత వ్యాసాల వివరాలను కూడా పబ్‌మెడ్‌లో చేర్చుతూ వచ్చారు. ఇప్పుడది 1946 దాకా, కొన్నిచోట్ల ఇంకా వెనక్కు పోతుంది. కాని ఆ సంఘటన లేవనెత్తిన ప్రశ్న అట్లాగే ఉన్నది. ఫలితాల జాబితా తనలో ఉన్నదానిని చూపుతుంది. ఏది తన చేతికి అందలేదో, ఎందుకు అందలేదో అది చెప్పగలుగుతున్నదా? శోధనపుటకు పెట్టవలసిన మొదటి పరీక్ష ఇది.

శోధన పద్ధతుల మంచిచెడ్డలు ఎంచటానికి చాలాకాలంగా రెండు కొలతలు వాడుకలో ఉన్నాయి. ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డు విమానశాస్త్ర కళాశాలలో గ్రంథాలయాధికారిగా ఉన్న సిరిల్ క్లెవర్డన్ 1960 దశకంలో 1400 పత్రాలు తీసుకొని చేసిన ప్రయోగాలవల్ల ఇవి స్థిరపడ్డాయి. వల విసిరిన జాలరిని తలచుకుంటే ఈ కొలతలు తేలికగా బోధపడతాయి. వలలో పడినదానిలో చేప ఎంత, నాచూ గుల్లా ఎంత అనేది మొదటి కొలత; దీనిని శుద్ధత అందాము. చెరువులో ఉన్న చేపల్లో ఎన్నోవంతు వలలోకి వచ్చినవి అనేది రెండవది. దీనిని సమగ్రత అందాము. మొదటి కొలత జాలరి కంటికి కనిపిస్తూనే ఉంటుంది. రెండవది తెలియాలంటే చెరువు ఎండగట్టాలి. తెరముందు కూర్చున్నవాడికి వల తప్ప చెరువు కనిపించదు గదా!

చెరువును ఎండగట్టినంత పనిచేసి చూసినవారు లేకపోలేదు. అమెరికాలో ఒక పెద్ద దావాకు సంబంధించిన పత్రాలు సుమారు 40,000, అనగా దాదాపు 3,50,000 పుటలు, కంప్యూటరులోకి ఎక్కించారు. న్యాయవాదులు తమకు కావలసిన పత్రాలను అందులో వెదికించుకున్నారు. సంబంధించిన పత్రాల్లో కనీసం 75 శాతం తమ చేతికి రావాలన్నది వారి నియమం. వచ్చాయనే వారు నమ్మారు కూడా. బ్లెయిర్, మారన్ అనే ఇద్దరు పరిశోధకులు దొరకని పత్రాల్లోనుంచి మచ్చులు తీసి చదివించి, లెక్క తేల్చి, 1985లో ప్రకటించారు. వచ్చినవి సుమారు 20 శాతం మాత్రమే! కారణం వింతైనదేమీ కాదు. ఒక పక్షం “ప్రమాదం” అని రాసినదానిని రెండవ పక్షం “సంఘటన” అనీ, “పరిస్థితి” అనీ, “ఇబ్బంది” అనీ రాసుకున్నది. వెదకేవాడు తన మాట వెదికాడు, రాసినవాడు తన మాట రాశాడు. యంత్రానికి అక్షరాలే తప్ప ఆంతర్యం తెలియదు.

ఇక్కడ మరొక సంగతి గమనించాలి. దొరికిన పత్రాల్లో నూటికి 79 పనికివచ్చేవే. వలనిండా చేపలే ఉన్నాయి కాబట్టి చెరువు ఖాళీ అయిందనుకున్నారు.

వాడకపు సౌలభ్యాన్ని కొలిచే పద్ధతులను ఈ వెలుగులో చూడటం అవసరం. జాన్ బ్రూక్ 1986లో ఇంగ్లండులో తయారుచేసిన పది వాక్యాల పత్రం ఈనాటికీ బహుళ ప్రచారంలో ఉన్నది. దీనిని వాడినవారు ఒక్కొక్క వాక్యంతో తామెంతవరకు ఏకీభవిస్తారో గుర్తుపెడతారు. చివరకు నూటికి ఇన్ని మార్కులని తేలుతుంది. ఈ పద్ధతి వాడటం తేలికగా ఉన్నదా, త్వరగా పట్టుబడుతుందా, వాడేటప్పుడు ధీమాగా ఉన్నదా – ఇట్టివి ఆ పది వాక్యాల్లో ఉన్నాయి. అంగడి నడపటానికీ, రైలు టిక్కెట్టు కొనటానికీ ఏర్పడిన పుటలకు ఈ కొలత చక్కగా సరిపోతుంది. టిక్కెట్టు దొరికిందో లేదో కొన్నవాడికి తెలుసు. ఆ దావాలోని న్యాయవాదులకే ఈ పత్రమిచ్చి ధీమా సంగతి అడిగి ఉంటే ఏమని రాసేవారో ఊహించటం కష్టం కాదు. శోధనపుట విషయంలో ధీమా కొన్నిసార్లు దోషానికే గుర్తు కావచ్చు.

ఇక పబ్‌మెడ్ సంగతి. దీని గొప్పదనం మాటల చిక్కును విప్పటానికి చేసిన ఏర్పాటులో ఉన్నది. మెష్ అనే పదకోశం 1960లో వెలువడింది. ఇందులో ఈనాడు 30,000కు పైగా శీర్షికలున్నాయి. ఒకే జబ్బుకు పదిమంది పది పేర్లు పెట్టినా, వ్యాసాలన్నీ ఒకే శీర్షిక కిందికి చేరతాయి. వాడుకరి పెట్టెలో “హార్ట్ అటాక్” అని రాస్తే, పబ్‌మెడ్ దానిని తనంతట తానే “మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్” అనే శీర్షికకు జతచేసి, రెండు రకాల మాటలతోనూ వెదకుతుంది. ఆ శీర్షిక కింద ఉన్న చిన్న శీర్షికలను కూడా కలుపుకుంటుంది. ఎంతో అనుభవమున్న గ్రంథాలయాధికారి చేయవలసిన పని ఇది. దీనిని మెచ్చుకోకుండా ఉండలేము.

అదే వాడుకరికి కొంచెం తెలివి ఎక్కువయిందనుకుందాము. “అటాక్” చివర బహువచనపు అక్షరం ఉన్న వ్యాసాలు కూడా రావాలని మాట చివర ఒక నక్షత్రపు గుర్తు పెడతాడు. వలను వెడల్పు చేశానని అతని నమ్మకం. నిజానికి ఆ గుర్తు పెట్టగానే పబ్‌మెడ్ తన జతచేసే పనిని మానుకుంటుంది. “మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్” శీర్షిక దరిదాపులకు కూడా పోదు. ఆ పేరుతో మాత్రమే రాసిన వ్యాసాలు జారిపోతాయి. మాటలకు కొటేషను గుర్తులు తగిలించినా ఇంతే. ఈ సంగతులన్నీ పబ్‌మెడ్ మార్గదర్శినిలో స్పష్టంగా రాసి ఉన్నాయి, దాచిపెట్టినదేమీ లేదు. కాని మార్గదర్శిని చదివి పెట్టె దగ్గరకు వచ్చేవారెందరు? వంటకు కూర్చునేముందు పొయ్యి చేసినవాడి ఉత్తరం ఎవరూ చదవరు. తెరమీద మాత్రం జాబితా ఎప్పటిలాగే నిండుగా, నిబ్బరంగా వచ్చి కూర్చుంటుంది.

ఇట్టిదే మరొకటి. రెండు మాటలను కలపటానికి వాడే “ఆండ్”, “ఆర్” లను పబ్‌మెడ్ ఎడమనుంచి కుడికి, వచ్చిన వరుసలోనే లెక్కచేస్తుంది. రెండుకు మూడు కలిపి నాలుగుతో హెచ్చించమని వరుసగా రాస్తే, బడిపిల్లవాడు ముందు హెచ్చవేతచేసి 14 అంటాడు. పబ్‌మెడ్ పద్ధతిలో 20 వస్తుంది. ఏది సరైనదన్న వాదన కాదు. ఏ లెక్క వేసిందో జవాబు పక్కన కనిపించాలి.

ఒకప్పుడు అది కనిపించేది కూడా. పాత పబ్‌మెడ్‌లో ఫలితాల పుటకు కుడివైపున చిన్న పెట్టె ఒకటి ఉండేది. వాడుకరి రాసిన మాటలను యంత్రం ఏ విధంగా విడదీసి, వేటితో జతచేసి వెదికిందో అందులో అక్షరాలా చూపేవారు. 2020లో కొత్త పుట వచ్చింది. చేతిఫోనులో ఇముడుతుంది, అక్షరాలు ఇంపుగా ఉంటాయి, వడపోత మీటలు తీరుగా అమరాయి. ఆ చిన్న పెట్టె మాత్రం ముందుగదిలోనుంచి వెనుక కొట్టులోకి పోయింది. ఇప్పుడది కావాలంటే “అడ్వాన్స్‌డ్” అనే మాట నొక్కి, అక్కడ శోధనల చరిత్రలో “డీటెయిల్స్” కింద ఉన్న బాణపు గుర్తు మళ్ళీ నొక్కాలి. పుట అందం పెరిగింది, మాటపట్టింపు తగ్గింది. ఈ మార్పు సమర్థనీయం కాదు.

జాబితా వరుస విషయంలోనూ ఇట్టి మరుగే ఏర్పడింది. పూర్వం కొత్త వ్యాసం పైన, పాతది కింద అనే నియమం ఉండేది; మొరటుదే అయినా పిల్లవాడికైనా అర్థమయ్యే నియమం. కొత్త పుటలో “బెస్ట్ మ్యాచ్” అనే వరుస వాడుకలోకి వచ్చింది. వెనుకటి వాడుకరులు ఏయే వ్యాసాలమీద నొక్కారో ఆ లెక్కలనుంచి యంత్రం నేర్చుకున్న వరుస ఇది. ఒక ప్రశ్నకు చప్పున జవాబు కావలసిన డాక్టరుకు ఇది నిజంగా మేలు చేస్తుంది. ఒక మందు గురించి రాసినదంతా చూడవలసినవాడి మాట వేరు. పైనున్నవాటినే జనం నొక్కుతారు, నొక్కినవే పైకి వస్తాయి. మొదటి పుటలో పట్టేవి పది.

తెలుగువారికి ప్రత్యేకమైన ఇబ్బంది పేర్లతో వస్తుంది. రచయిత పేరును ఇంటిపేరు, తరువాత పొడి అక్షరాలు అనే పద్ధతిలో వెదకాలి. మన ఇంటిపేరు ముందుండి పొడి అక్షరమైపోతుంది, చివరనున్న “రావు”, “రెడ్డి” ఇంటిపేర్లై కూర్చుంటాయి. యల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించినప్పుడే “సుబ్బారో” అన్నది ఇంటిపేరు స్థానంలో నిలిచింది. నేటికీ ఒకే డాక్టరు వ్యాసాలు రెండు మూడు పేర్ల కింద చెదరి ఉండటం సామాన్యం. పూర్తి పేర్లు నమోదయ్యేది 2002 తరువాతి వ్యాసాలకే. పబ్‌మెడ్ ఒక్కదానినే ఇందుకు నిందించలేము.

పబ్‌మెడ్‌కు పూర్వరూపమైన మెడ్లార్స్ పద్ధతి 1964లో మొదలయింది. లాంకాస్టర్ అనే గ్రంథాలయ శాస్త్రజ్ఞుడు దాదాపు 300 శోధనలను తీసుకొని, ఆయా విషయాలమీద వ్యాసాలను వేరే దారిన ముందుగా సేకరించి ఉంచి, అవి మెడ్లార్స్ వలలో పడ్డాయో లేదో సరిచూసి, 1968లో నివేదిక ఇచ్చాడు. సగటున 58 శాతం దొరికాయి. ఆ నివేదికలో ఒక విచిత్రమున్నది. గ్రంథాలయాధికారి ఎదుట కూర్చుని చెప్పిన కోరికలకంటే, డాక్టరు ఇంటిదగ్గర తన సొంత మాటల్లో రాసి పంపిన కోరికలకే మంచి ఫలితాలు వచ్చాయి. ఎదురుగా కూర్చున్నప్పుడు మనిషి తనకు కావలసినది మానుకొని, యంత్రపు పదాలకు ఒదిగేది అడిగేవాడన్నమాట.

లాంకాస్టర్ చేసిన పరీక్షను చిన్న ఎత్తున ఏ వైద్య కళాశాలలోనైనా చేయవచ్చు. నల్లగొండ ఫ్లోరోసిస్ వంటి విషయమొకటి తీసుకొని, ఆచార్యులకు ముందే తెలిసిన 30 వ్యాసాల పట్టిక రాసిపెట్టుకోవాలి. విద్యార్థులను పబ్‌మెడ్‌లో వెదకమని, పని ముగిశాక ఎన్ని దొరికి ఉంటాయని వారనుకుంటున్నారో కాగితంమీద రాయించాలి. తరువాత పట్టికతో సరిచూడాలి. వారు రాసిన అంకెకూ, నిజానికి దొరికిన అంకెకూ మధ్య తేడాయే ఆ పుటకు వేయవలసిన మార్కు. ఫలితాల సంఖ్య కిందనే “మీ మాటను ఈ శీర్షికతో జతచేశాము”, “నక్షత్రపు గుర్తు ఉన్నందున జతచేయలేదు” అనే ఒక్క పంక్తి అచ్చువేస్తే ఆ తేడా ఎంత తగ్గుతుందో కూడా అదే పద్ధతిలో, అదే తరగతిలో తేల్చవచ్చు.