గోదావరి మొగలో మండపీత వేట

ఏటినీరు, సముద్రపునీరు కలిసే చోటును గోదావరి తీరంలో మొగ అంటారు. యానాం దాటిన గౌతమి పాయ భైరవపాలెం దగ్గర సముద్రంలో పడుతుంది. దాని నుంచి చీలిన కోరంగి, గాడేరు పాయలు మడ అడవి గుండా కాకినాడ అఖాతంలోకి వెళ్తాయి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ కోరంగి అడవి విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. 1789, 1839 ఉప్పెనలకు కోరంగి రేవు వైభవం పోయింది గాని, ఆ పాయల్లో చిన్న నావల మీద సాగే వేట మాత్రం నిలిచింది.

ఈ వేటలో రాజు మండపీత. బురదలో బొరియ చేసుకుని, మడవేళ్ళ నడుమ తిరుగుతుంది. బాగా పెరిగిన మగపీత కిలో దాటి తూగుతుంది. దాని డెక్క నత్తగుల్లను పటుక్కున పగలగొడుతుంది, ఏమరుపాటుగా ఉన్న వేలునూ వదలదు.

వేటకు గడియారం పోటుపాట్లే. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఏ రోజు పోటైనా ముందురోజు కన్నా సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పున్నమి, అమావాస్యలకు నీరు అడవి లోపలిదాకా ఎక్కుతుంది. అష్టమి రోజుల్లో పోటు మందగిస్తుంది. తిథి తెలిస్తే చాలు, ఏ కాలువలోకి నావ ఎప్పుడు దూరుతుందో, ఎప్పుడు తిరగకపోతే బురదలో కూరుకుపోతుందో చేయి తిరిగిన వేటగాడు ఇంటి దగ్గరే చెప్పేస్తాడు. పంచాంగాన్ని ఇంత పనికొచ్చేలా చదివేవాళ్ళు అరుదు.

పీతను పట్టే పద్ధతులు ప్రధానంగా మూడు. మొదటిది ఇనుప చట్రానికి వల అల్లి, నడుమ చేపముక్క కట్టి నీళ్ళలోకి దించడం. వల తాడుకు కట్టిన బెండు పైన తేలుతుంది. కాసేపాగి ఒక్క ఊపులో లాగాలి. రెండోది గాలం లేని ఎరతాడు. పీత ఎరను పట్టుకుని వదలదు గాని, నీటి పైకి రాగానే జారిపోతుంది. అందుకే ఒక చేత్తో తాడును ఊపిరి బిగబట్టినంత నెమ్మదిగా లాగుతూ, రెండో చేత్తో చేతివలను కిందనుంచి అందించాలి. తాడు బరువును బట్టే కింద ఉన్నది పీతో, వేరుముక్కో పోల్చుకునే చేతులున్నాయి. ఆ నేర్పు చూసి తీరవలసిందే! మూడోది పాటు సమయంలో బొరియలో ఇనుప కొక్కెం పెట్టి బయటికి లాగడం. డెక్క విరగకుండా తీయడంలోనే పనితనమంతా ఉంది. డెక్క విరిగిన పీతకు ధర పడిపోతుంది.

పట్టిన పీతను కట్టడం మరో విద్య. వెనుకనుంచి డిప్పను కాలితో అదిమి, రెండు డెక్కలనూ ముడిచి, తాడు రెండు చుట్లు తిప్పి బిగిస్తారు. ఆరితేరినవాడికి రెప్పపాటు పని. కట్టిన పీత తడిగోనెలో రోజుల తరబడి బతుకుతుంది.

ఇవే పాయల్లో చిరుచేపలకు విసురువల. వెనుక ఒకరు గెడతో నావను నిలిపితే, ముందు నిలబడినవాడు వలలో కొంత మోచేతిమీద, కొంత భుజంమీద వేసుకుని ఒళ్ళంతా తిప్పి విసురుతాడు. అంచునున్న సీసపు గుండ్లు ఒకేసారి నీటిని తాకాలి. గుండ్రంగా విచ్చుకున్న ఆ వలను మించిన అందం ఏటిమీద లేదు. దసరా దాటాక తూర్పుగాలికి చీరమేను వస్తుంది. వేలి గోరంత చేపలు. పలుచని చీరనే వలగా పట్టి ఎత్తుతారు, గ్లాసులతో కొలిచి అమ్ముతారు.

మళ్ళీ పీత దగ్గరికి వస్తే, మంచిదాన్ని ఎంచడానికి పొట్టవైపు కాళ్ళ మొదట్లో బొటనవేలితో నొక్కాలి. గట్టిగా ఉంటే కండ నిండినట్టు. మెత్తగా ఉంటే ఈమధ్యే డిప్ప వదిలిన పీత, లోపల నీళ్ళే. పొట్టకింద పలక సన్నగా, కోసుగా ఉంటే మగది, వెడల్పుగా ఉంటే ఆడది.

ఇంత విద్యకూ ఇప్పుడు చోటు కరువవుతోంది. రొయ్యల చెరువుల కోసం మడచెట్లు నరికారు, చెరువుల మురుగు పాయల్లోకి వదిలారు. తీరంలో రొయ్యల సాగుపై 1996లో సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు ఇచ్చినా తెగిన చెట్టు తిరిగి రాదు. కాలువకు అడ్డంగా కట్టే దోమతెర వలలు పీతపిల్లనూ మిగల్చవు. చీరమేను చీర కొన్ని వారాలే నీళ్ళలో దిగుతుంది. దోమతెర ఏడాది పొడవునా కాపు కాస్తుంది. ఇది వేట కాదు, ఏటిని ఊడ్చేయడం. నగరాల్లోనైతే చేపగుజ్జుకు పిండి, రంగు, వాసన కలిపి చుట్టిన పుల్లలనే పీత పేరుతో అమ్ముతున్నారు. పీత అందులో నామమాత్రం! సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో ఎండ్రకాయ అన్నా, కాకినాడలో పీత అన్నా రుచి ఎరిగిన నాలుకకు ఇది అవమానమే. కాకినాడలో ఎక్కితే గౌతమి ఎక్స్‌ప్రెస్ ఒక్క రాత్రిలో మారేడ్‌పల్లి పక్కనున్న సికింద్రాబాద్ స్టేషన్‌కు చేరుతుంది. తడిగోనెలో మండపీత అంతకన్నా ఎక్కువసేపే ప్రాణంతో ఉంటుంది. పిండిపుల్ల కొనాల్సిన గతి ఎవరికీ లేదు.

దారి మూసుకుపోలేదు. 1990ల చివరినుంచి అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ గ్రామస్థులతో కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటునీరు పారించి మడమొక్కలు పెంచాయి. ఇక మిగిలింది వేటగాడి చేతిలో, కొనేవారి చేతిలో ఉంది. గుడ్లపీతను, అరచేతిలో ఇమిడే పిల్లపీతను వేటగాడు తిరిగి నీళ్ళలో వదలాలి. వాటిని అమ్మకానికి పెడితే కొనేవారు వద్దనాలి.