మతవిజ్ఞానముల యుద్ధకథ: డ్రేపర్ గ్రంథముపై ఒక విమర్శ

విజ్ఞానచరిత్రను కథగా చెప్పునపుడు ఒక చిత్రము తరచుగా ఎదురగును. ఒక ప్రక్క దూరదర్శిని చేతబట్టిన శాస్త్రజ్ఞుడు, మరియొక ప్రక్క ధర్మగ్రంథము చేతబట్టిన మతాధికారి. మొదటివాడు సత్యము చెప్పును, రెండవవాడు శిక్షించును, తుదకు సత్యమే గెలుచును. ఇది పిల్లలకు నచ్చు కథ. తరగతిలో అయిదు నిమిషములలో చెప్పి ముగింపవచ్చును. కాని ఈ కథకు కూడ ఒక చరిత్ర కలదు. దీనికి విశేష ప్రచారము కలిగించిన గ్రంథము 1874 లో అమెరికాలో వెలువడిన 'మతవిజ్ఞానముల సంఘర్షణ చరిత్ర'. రచయిత జాన్ విలియం డ్రేపర్. నూటయేబది ఏండ్లు గడచినను ఆ గ్రంథము నేర్పిన దృష్టి పాఠములలోను ఉపన్యాసములలోను నేటికిని వినబడుచునే యున్నది. కనుక అది పరీక్షకు ఎంతవరకు నిలుచునో చూచుట అవసరము.

డ్రేపర్ (1811-1882) సామాన్యుడు కాడు. ఇంగ్లండులో జన్మించి, అమెరికా చేరి, న్యూయార్కు విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్ర ఆచార్యుడయ్యెను. కాంతివలన కలుగు రసాయనిక మార్పులను పరిశోధించెను. చంద్రునికి ఛాయాచిత్రము తీసిన తొలివారిలో ఆయన ఒకడు. 1860 లో ఆక్స్‌ఫర్డు నగరమున జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సమావేశములో డ్రేపర్ ఉపన్యాసము ముగిసిన పిదపనే, డార్విన్ సిద్ధాంతమును గూర్చి హక్స్‌లీకిని బిషప్ విల్బర్‌ఫోర్సుకును ప్రసిద్ధమైన వాగ్వాదము జరిగెను. 1870 లో వాటికన్ మహాసభ, విశ్వాస నీతి విషయములలో పోపు అధికారపూర్వకముగా చేయు బోధలో పొరపాటు ఉండదని ప్రకటించెను. ఈ సంఘటనల వేడి చల్లారకముందే డ్రేపర్ కలము పట్టెను. రెండేండ్లు తిరుగకముందే, 1876 లో, రోము ఆయన గ్రంథమును నిషిద్ధ గ్రంథముల పట్టికలో చేర్చెను.

గ్రంథమునకు గుణములు లేకపోలేదు. శైలి తేటగా, వేగముగా సాగును. యూరపు పాఠకులు అరబ్బు పండితుల విజ్ఞానసేవను అంతగా ఎరుగని కాలమున డ్రేపర్ దానిని మనసార మెచ్చుకొనెను. అయితే గ్రంథమునకు మూలమైన ఊహ ఒక్కటే: విజ్ఞానచరిత్ర యనగా విస్తరింప జూచు మానవబుద్ధికిని, దానిని అణచివేయు సంప్రదాయ విశ్వాసమునకును జరిగిన పోరాటము. 1896 లో కార్నెల్ విశ్వవిద్యాలయ ప్రథమాధ్యక్షుడైన ఆండ్రూ డిక్సన్ వైట్ ఇదే ధోరణిలో రెండు సంపుటములు ప్రకటించెను. వైట్ కొంత మెలకువ చూపి, విజ్ఞానమునకు శత్రువు మతము కాదనియు, మతసిద్ధాంతముల పేర సాగు పిడివాదమనియు అనెను. అయినను చదువరుల మనస్సులో మిగిలినది 'యుద్ధము' అను మాటయే.

ఈ ఊహను మొదట భూగోళాకారము విషయమున పరీక్షింపవచ్చును. డ్రేపర్ కథనము ప్రకారము కొలంబస్ ప్రయాణమును స్పెయిను మతపెద్దలు ధర్మగ్రంథ వాక్యములు చూపి ఖండించిరి. ఈ కథనమువలనను, 1828 లో వాషింగ్టన్ ఇర్వింగ్ వ్రాసిన కొలంబస్ జీవితమువలనను, ఆనాటి క్రైస్తవ పండితులు భూమిని పలకవలె చదునైనదని నమ్మిరను అభిప్రాయము వ్యాపించెను. నిజమునకు భూమి గోళమని మధ్యయుగపు విద్యావంతులకు తెలిసియే యుండెను. ఎనిమిదవ శతాబ్దిలో బీడ్ అను క్రైస్తవ సన్న్యాసి దానిని వ్రాసెను. పదమూడవ శతాబ్దిలో సాక్రోబాస్కో రచించిన గోళశాస్త్ర గ్రంథము విశ్వవిద్యాలయములలో శతాబ్దముల తరబడి పాఠ్యపుస్తకమై యుండెను. కొలంబస్ విషయమున అసలు చిక్కు ఆకారము కాదు, దూరము. పశ్చిమముగా పోయి జపాను చేరుటకు ఆయన అంచనా వేసిన దూరము, ఉన్న దూరములో నాలుగవ వంతునకు మించలేదు. అభ్యంతరము చెప్పిన పండితులు ఈ లెక్కలో ఆయనకంటె సత్యమునకు దగ్గరగా నుండిరి. దారిలో అమెరికా అడ్డు రానిచో కొలంబస్ నావలు ఆహారము లేక నశించెడివి.

రెండవ పరీక్ష గెలీలియో విషయము. ఇందు సంఘర్షణ కల్పితము కాదు. 1543 లో కోపర్నికస్ తన గ్రంథమున సూర్యకేంద్ర సిద్ధాంతమును ప్రకటించెను. ఆయన స్వయముగా చర్చి ఉద్యోగి. ఆ గ్రంథమును మూడవ పాల్ పోపునకే అంకితము చేసెను. డెబ్బది మూడేండ్ల తరువాత, 1616 లో, రోములోని మతాధికారులు ఆ సిద్ధాంతమును ధర్మగ్రంథ విరుద్ధమని తీర్మానించి, కోపర్నికస్ గ్రంథమును సవరణలు జరుగువరకు నిలిపివేసిరి. 1632 లో గెలీలియో తన 'సంవాదము' అను గ్రంథమును చర్చి అనుమతితోనే అచ్చువేయించెను. మరుసటి యేడు జూన్ 22 వ తేదీన, దాదాపు డెబ్బది యేండ్ల ఆ వృద్ధునిచేత మతవిచారణ సభ తన అభిప్రాయము తప్పని ప్రమాణము చేయించెను. 1642 లో మరణించువరకు ఆయన గృహనిర్బంధమున నుండెను.

ఇంతవరకు డ్రేపర్ చిత్రము సరిపోవును. సరిపోనిది తరువాతి ప్రశ్న. ఆ రోజున భూమి తిరుగుచున్నదనుటకు నిదర్శనమేమి? గురుగ్రహమునకు నాలుగు ఉపగ్రహములు కలవని 1610 లో దూరదర్శిని చూపెను. శుక్రునికి చంద్రునికివలె వృద్ధిక్షయములు కలవని తెలిసెను. వీనివలన టాలెమీ పురాతన పద్ధతి కూలిపోయెను. రోములోని జెస్యూట్ ఖగోళజ్ఞులు కూడ 1611 లో ఈ పరిశీలనములను నిజమని అంగీకరించిరి. కాని టైకో బ్రాహి 1588 లో మరియొక పద్ధతి చెప్పియుండెను: గ్రహములు సూర్యుని చుట్టును, సూర్యుడు భూమి చుట్టును తిరుగును. శుక్రుని వృద్ధిక్షయములు ఈ పద్ధతికిని సరిపోవును. గెలీలియో తన సంవాదమున దీనిని ఎదుర్కొనలేదు. ఆయన బలముగా నమ్మిన వాదము ఆటుపోటులది. భూమి చలనమువలన సముద్రజలము ఊగునని చెప్పి, చంద్రుడే కారణమను కెప్లర్ అభిప్రాయమును తోసివేసెను. ఆ వాదము తప్పు. దాని ప్రకారము దినమునకు ఒక్క పోటు రావలెను. సముద్రతీరమున సాధారణముగా రెండు వచ్చును.

భూమి కదలుచున్నచో నక్షత్రములు ఆరునెలల కొకసారి కొంచెము స్థానము మారినట్లు కనబడవలెను. దీనినే లంబనము అందురు. ఎంత వెదకినను ఆనాడు అది చిక్కలేదు. భూచలనమునకు తొలి ప్రత్యక్ష నిదర్శనము 1728 లో బ్రాడ్లీ కనుగొన్న కాంతి విచలనము. లంబనము 1838 లో గాని బెస్సెల్‌కు దొరకలేదు. అది ఒక వికలలో మూడవ వంతుకంటె తక్కువ; కంటికి గాని ఆనాటి సాధనములకు గాని అందునది కాదు. కనుక 1633 లో భూచలనమును శంకించిన వారందరును మూర్ఖులు కారు. గెలీలియో చెప్పిన ముఖ్యవిషయము నిజము. దానికి ఆయన చూపిన ముఖ్యకారణము తప్పు. సైన్సు ఉపాధ్యాయునకు ఇంతకంటె విలువైన పాఠము దొరకుట కష్టము. యుద్ధకథలో ఈ పాఠము పూర్తిగా కనుమరుగగును.

అయితే మతవిచారణ సభ చేసినది న్యాయమేనా? కొందరు డ్రేపర్‌ను ఖండించు తొందరలో ఆ మాటవరకు పోవుదురు. అదియును చరిత్రకు విరుద్ధమే. కార్డినల్ బెల్లర్మీన్ 1615 లో ఒక లేఖలో, భూచలనము నిజముగా నిరూపింపబడినచో ధర్మగ్రంథ వాక్యములకు జాగ్రత్తగా వేరు అర్థము చెప్పుకొనవలసి వచ్చునని వ్రాసెను. ఈ మాట వివేకవంతమైనదే. కాని మరుసటి సంవత్సరము వెలువడిన తీర్పు నిరూపణ కొరకు వేచియుండలేదు. దోషము అచ్చటనే యున్నది. ఒక అభిప్రాయమును శంకించుట దోషము కాదు. శంకను ఆజ్ఞగా మార్చి, ఇక ఎవ్వరును దానిని సమర్థింపరాదని శాసించుటయే దోషము. దాని ఫలితము ఒక్క వృద్ధునితో ఆగలేదు. హాలండులో నున్న డెకార్టు ఈ వార్త విని, అచ్చుకు సిద్ధముగా నున్న తన విశ్వశాస్త్ర గ్రంథమును ప్రకటింపక దాచుకొనెను. గెలీలియో చివరి మహాగ్రంథము 1638 లో ఇటలీలో కాక లైడెన్ నగరమున అచ్చుపడెను.

ఆ చర్చియే మరియొకచోట ఖగోళశాస్త్రమునకు అండగా నిలిచినదని తెలిసిన పాఠకుడు ఆశ్చర్యపడవచ్చును. ఈస్టరు పండుగ తేదీ నిర్ణయించుటకు సూర్యచంద్రుల గతులు ఖచ్చితముగా తెలియవలెను. 1582 లో పోపు గ్రెగరీ పంచాంగమును సంస్కరించినది ఇందుకొరకే. పోపు ఏలుబడిలోనున్న బొలోన్యా నగరమున, సాన్ పెట్రోనియో చర్చి కప్పునందు ఒక చిన్న రంధ్రమును, నేలపై సుమారు 67 మీటర్ల ఉత్తరదక్షిణ రేఖను 1655 లో కాస్సినీ ఏర్పరచెను. మధ్యాహ్నమున ఆ రంధ్రమునుండి పడు సూర్యబింబము నేలపై ఏడాది పొడవున పెరుగుచు తగ్గుచు నుండును. దానిని కొలిచి, సూర్యుని దూరములోని మార్పు ప్రాచీనులు ఊహించినదానిలో సగమేనని కాస్సినీ చూపెను. ఇది కెప్లర్ చెప్పిన లెక్క. గెలీలియోను శిక్షించిన ఇరువది రెండేండ్లకే, చర్చి నేలపైననే కెప్లర్ లెక్కకు బలము చేకూరెను. డ్రేపర్ నిర్మించిన చట్రములో ఇటువంటి సంఘటనకు చోటు లేదు.

పోపు గాని మతవిచారణ సభ గాని లేనిచోట ఏమి జరిగెనో చూచుటకు భారతదేశ చరిత్రలో ఒక ఉదాహరణము కలదు. క్రీ.శ. 499 కాలపు ఆర్యభటుడు, గ్రహణములకు భూఛాయయు చంద్రుడును కారణమనియు, భూమి తనచుట్టు తాను తిరుగుననియు చెప్పెను. 628 లో బ్రహ్మగుప్తుడు రెంటిని ఆక్షేపించెను. రాహువును కాదనుట శాస్త్రవాక్యములకు విరుద్ధమనెను. ఇది మతపరమైన ఆక్షేపణ. భూమి తిరిగినచో ఎత్తైనవి ఏల పడిపోవు అని ప్రశ్నించెను. ఇది భౌతికమైన ఆక్షేపణ. కాని గ్రహణమును గణించునపుడు ఆయన వాడినది భూఛాయ వ్యాసమునే. నాలుగు శతాబ్దముల తరువాత అల్బెరూనీ ఈ వైరుధ్యమును గమనించి, బ్రహ్మగుప్తుడు లోకమునకు వెరచి అట్లు వ్రాసియుండునని ఊహించెను. కారణమేదైనను, ఇచ్చట రెండు సేనలు లేవు. ఒకే పండితుని గ్రంథమున రెండు ప్రమాణములు ప్రక్కప్రక్కన నిలిచియున్నవి.

డార్విన్ విషయమునను ఇంతే. 1859 లో ఆయన గ్రంథము వెలువడినపుడు అమెరికాలో దానిని గట్టిగా సమర్థించిన వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రే భక్తుడైన క్రైస్తవుడు. అదే దేశమున టెనెస్సీ రాష్ట్రము 1925 లో, మానవుడు అల్పజంతువులనుండి పుట్టెనని ప్రభుత్వ పాఠశాలలలో బోధింపరాదని చట్టము చేసి, స్కోప్స్ అను ఉపాధ్యాయుని న్యాయస్థానమునకు ఈడ్చెను. ఆ చట్టము 1967 వరకు రద్దు కాలేదు. మొదటి సంగతి మాత్రమే చెప్పువాడు సంఘర్షణను దాచును. రెండవది మాత్రమే చెప్పువాడు మతమంతయు ఒకటే ననును.

జాన్ హెడ్లీ బ్రూక్ 1991 లో ప్రకటించిన గ్రంథమున ఈ సంబంధమును ఏ ఒక్క సూత్రములోను ఇమిడ్చజాలమని విపులముగా చూపెను. నేటి చరిత్రకారులలో అధికులు డ్రేపర్ తీర్పును అంగీకరింపరు. దీనివలన డ్రేపర్ గ్రంథము పనికిరానిదని కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో ఒక శాస్త్రజ్ఞుడు మతాధికారమును ఎట్లు చూచెనో తెలిసికొనుటకు అది మంచి సాక్ష్యము. విజ్ఞానచరిత్ర తెలిసికొనుటకు మాత్రము దానినే నమ్మరాదు.

ఈ భేదము చరిత్రకారులకే పరిమితము కాదు. గెలీలియో గొప్పవాడు గనుక భూమి తిరుగుచున్నదని నేర్చిన విద్యార్థి, ఒక అధికారిని విడిచి మరియొక అధికారిని ఆశ్రయించినవాడగును; అతడు ప్రమాణములను తూచుట నేర్వలేదు. అందుకు బదులుగా ఉపాధ్యాయుడు తరగతిని రెండు జట్లుగా చేసి, 1632 నాటికి తెలిసిన విషయములు మాత్రమే ఇచ్చి, కోపర్నికస్ పక్షమును టైకో పక్షమును వాదింపజేయవచ్చును. టైకో జట్టు సులభముగా ఓడదు. తరువాత బ్రాడ్లీ, బెస్సెల్ కనుగొన్న విషయములు చెప్పినచో ప్రమాణము యొక్క విలువ పిల్లలకు తెలియును. చివరకు ఒక జట్టుకు నోరు మూసికొమ్మని ఆజ్ఞ ఇచ్చి, వాదము ఎట్లు సాగునో చూడుమనినచో, 1633 లో జరిగిన అన్యాయమేమో వారికి వేరుగా చెప్పవలసిన పని యుండదు.