గౌరీపట్నం డస్ట్‌లో చంద్రుడి నేల

పాలకొల్లు అమ్మాయి దంగేటి జాహ్నవి 2022లో పోలండ్ వెళ్ళి అనలాగ్ వ్యోమగామిగా శిక్షణ తీసుకున్నప్పుడు, మా వాళ్ళు కొందరు నన్నడిగారు: భూమ్మీదే ఉండి చంద్రుడి మీద ఉన్నట్టు మసలితే ఏమొస్తుందని. పరిషత్తు నాటకాలు చూసి పెరిగిన వాళ్ళం, రిహార్సల్ విలువ మనకు ఒకరు చెప్పాలా?

కాకపోతే ఈ రిహార్సల్‌లో చిక్కుంది. చంద్రుణ్ణి మొత్తంగా ఇక్కడెక్కడా కట్టలేం. మట్టి దొరికితే గురుత్వం కుదరదు, ఏకాంతం దొరికితే శూన్యం ఉండదు. ఇవాళ దేన్ని పరీక్షిస్తున్నామో, దేన్ని వదిలేస్తున్నామో ముందే తేల్చుకోవాలి. ఈ పనిలో నాకు నచ్చేది ఆ నిజాయితీయే.

ఇస్రో అలాగే చేసింది. చంద్రుడి ఎత్తు ప్రాంతాల్లో అనార్థోసైట్ రాయి ఎక్కువ. తమిళనాడులో నామక్కల్ దగ్గర సీతంపూండిలో అలాంటిదే దొరికితే, పొడి కొట్టించి బెంగళూరులో పరిచి చంద్రయాన్ రోవర్‌ని నడిపి చూశారు. ఆ రోవర్ ప్రజ్ఞాన్ ఇక్కడ 26 కిలోలు, అక్కడ తూగేది అందులో ఆరో వంతే. ఆ తేలిక కోసం రోవర్‌కి హీలియం బెలూన్లు కట్టారు.

అపోలో వాళ్ళ సూట్లను సతాయించింది దుమ్ము. గాలీ నీరూ లేని చోట రేణువు అంచు అరగదు. అది గుడ్డను కోస్తుంది, గ్లవ్ కీళ్ళలోకి దిగి బిగుసుకుంటుంది. అందుకే గోదావరి తిన్నెల మీద రోవర్ నడుపుతామని పిల్లలెవరైనా అంటే వద్దంటాను. నది దొర్లించుకొచ్చిన ఇసుక నునుపు తేలింది, దాని మీద నెగ్గిన చక్రాన్ని నమ్మలేం.

మనకు అంతకన్నా మంచి నేల ఉంది. పంగిడి, గౌరీపట్నం క్వారీల నల్లరాయి బసాల్ట్, దాదాపు 6.5 కోట్ల ఏళ్ళ నాటి లావా. భూగర్భ శాస్త్రంలో దాని పేరే రాజమండ్రి ట్రాప్స్. చందమామ మీద మనకు కనపడే నల్లమచ్చలూ బసాల్టే. నాసా వాడిన జేఎస్‌సీ-1 అనే నకిలీ చంద్రమట్టి కూడా అరిజోనా బసాల్ట్ బూడిదతో చేసిందే. మన క్వారీల్లో ఆ రాయి కొట్టగా వచ్చే క్రషర్ డస్ట్ అచ్చంగా చంద్రమట్టి కాదు, అందులో ఉండే గాజు రేణువులు ఇందులో ఉండవు. అయినా అంచులు మాత్రం పదునే.

రాజమండ్రిలోనో భీమవరంలోనో ఇంజనీరింగ్ పిల్లలు ఒక ట్రాక్టర్ డస్ట్ షెడ్డులో పోయించి, జల్లెడ పట్టి, కప్పీతో రోవర్ బరువులో ఆరింట అయిదొంతులు పైకి లాగి పెట్టి, చక్రం ఎంత లోతు దిగుతోందో కొలవొచ్చు. గ్లవ్ గుడ్డ ఎన్ని రుద్దుళ్ళకు చిరుగుతుందో లెక్క పెట్టొచ్చు. మాస్కు మాత్రం తప్పనిసరి. కాలేజీల పెద్దలు ఆ షెడ్డు ఇప్పించాలని అడుగుతున్నాను.