పరదేశమున నిల్లడుగుట: విరాటపర్వము మొదలు లంబసింగిదాఁక

తిక్కనసోమయాజి విరాటపర్వమును విమర్శించినవారిలోఁ బెక్కుమంది కీచకవధయొద్దను ఉత్తరగోగ్రహణమునొద్దను నిలిచిపోయిరి. నర్తనశాలలోని రౌద్రమును, ఉత్తరకుమారుని బీరములలోని హాస్యమును విడఁదీసి చూపిన వ్యాసములకు లెక్క లేదు. ప్రథమాశ్వాసమును మాత్రము రాఁబోవు కథకు వాకిలియని తలఁచి త్వరగా దాఁటిపోవుట వాడుకయైనది. ఆ వాకిటనే కొంతసేపు నిలిచి చూచినచో, అందొక కుటుంబము కొలువుకొఱకుఁ బరదేశమునకుఁ బోవుచు, ఎచ్చట నుండవలెను, ఎవ్వరి నీడ నడుగవలెను, ఏమని చెప్పి యడుగవలెను అని తర్కించుకొనుచున్న కథ కానవచ్చును. భారతమున నింతగా నింటిమాటలతో నిండిన ఘట్టము లరుదు.

పండ్రెండేండ్ల వనవాసము ముగిసినది. అజ్ఞాతవాసమున కొక యేఁడు మిగిలినది. పోఁదగిన దేశముల పేళ్లు వరుసగా వినవచ్చును. వానిలో ధర్మరాజు మత్స్యదేశము నేర్పఱచుకొనును. అందులకుఁ జూపిన కారణము నేలసారము గాదు, నగరశోభయుఁ గాదు. విరాటుఁడు ధర్మపరుఁడు, దాత, పెద్దవాఁడు, అంతియే. దేశమును జూచి కాక యజమానునిఁ జూచి చోటెన్నుకొనుట యిది. పనికై పోవువాఁడు, ఇంటి గోడలు దొడ్డవో సన్నవో తరువాతఁ జూచుకొనవచ్చును. ఇల్లిచ్చువాఁ డెట్టివాఁడో ముందే తెలియవలెను. అడవిలోఁ బండ్రెండేండ్లు గడపినవారికి ఇది యొకరు చెప్పవలసిన మాట గాదు.

పయనమునకు ముందు సంసారము విడిపోవును. రథములతో ఇంద్రసేనాదులు ద్వారకకుఁ బోయిరి. ద్రౌపది పరిచారికలును, అగ్నిహోత్రములతో ధౌమ్యుఁడును బాంచాలమునకుఁ బోయిరి. బిడ్డలు అదివఱకే ద్వారకలో నున్నారు. నేఁడు అమెరికాకో గల్ఫుదేశములకో పోవు తెలుఁగు దంపతులు పసివారిని అమ్మమ్మ యింట విడిచి, చోటు కుదిరిన తరువాతఁ బిలిపించుకొందుమని చెప్పి పోవుట చూచినవారికి ఈ పంపకము క్రొత్తగాఁ దోఁపదు. మఱియు నొక విశేషము. పాండవులు తమకు నీడ దొరకకమునుపే తమ యాయుధములకు నీడ చూచిరి. శ్మశానముచెంతనున్న జమ్మిచెట్టుపై వానిని గట్టి, చూచినవారు దరిఁ జేరకుండ తల్లి శవమని చెప్పిరి. ఉన్నవానిలో విలువైనదానిని దాఁచి, తక్కినది మూటగట్టుకొని యూరిలోఁ బ్రవేశించుట వలసపోవువారి స్వభావము. దాఁచినది వారి పేరుగూడ.

ఈ సందర్భముననే ధౌమ్యుఁడు కొలువునీతి బోధించును. ఈ భాగమును తిక్కన చాల శ్రద్ధతోఁ బెంచెను. తెలుఁగునాట సేవాధర్మమునకుఁ బ్రమాణముగా నీ పద్యములు కంఠస్థము చేయఁబడినవి. రాజగృహమునఁ జొచ్చునప్పటి తీరు, కూర్చుండఁదగిన తావు, మాటలాడఁదగిన వేళ — ఇవన్నియుఁ జెప్పుచు నాతఁడు, రాజునింటికంటె నందమైన యిల్లు కొలువువాఁడు కట్టుకొనరాదని కూడఁ జెప్పును. వ్యాఖ్యాత లీ మాటను రాజాగ్రహభయముతో ముడిపెట్టి విడిచిపెట్టిరి. భయమున్నమాట నిజమే. కాని ధౌమ్యుని వాక్యమునఁ బరాయిచోటికి వచ్చినవాని యింటికిఁ గొలఁత యెచ్చటనుండి తీయవలెనన్న ప్రశ్నయుఁ గలదు. కొలఁత వచ్చినవాని స్తోమతనుబట్టి గాదు, ఉన్నవాని యింటినిబట్టి. ఇక్కడ నున్నవాఁడు రాజు గావున నీ సూత్రము సులభముగా నొప్పుకొనఁబడినది. ఉన్నవాఁడు పేదయైనచో నేమగునో ధౌమ్యుఁడు చెప్పలేదు. చెప్పవలసిన యవసరమును బడలేదు.

ఇఁక నగరప్రవేశము. ఒకరొకరుగా వచ్చి విడివిడిగాఁ బని యడిగిరి. పూర్వము ధర్మరాజునొద్ద నుంటిమని చెప్పుకొన్నవారును వారిలోఁ గలరు. పూర్వపు యజమానుని పేరు సాక్ష్యముగాఁ జూపుట యప్పటికే పాఁతపద్ధతి కాఁబోలు! ఆ యజమానుఁడు పేరు మార్చుకొని యక్కడనే పాచికలాడుచుండుట కథలోని చమత్కారము. ఈ ప్రవేశములలో శిఖరమనఁదగినది ద్రౌపది సుధేష్ణయొద్దకు వచ్చుట. తక్కినవారు రాజునొద్దకుఁ బోయిరి, రాజు వెంటనే యొప్పుకొనెను. ద్రౌపదికట్లు కాలేదు. సుధేష్ణ సందేహించును. ఇంత రూపవతిని లోఁగిలిలోఁ బెట్టుకొన్నచో తన మగని మనస్సు నిలుచునా యని యామె భయము. ఆ భయము నామె దాఁపక పైకిఁ జెప్పును. ద్రౌపదియుఁ దన షరతులు చెప్పును: ఎంగిలి ముట్టను, కాళ్లు గడుగను, గంధర్వులైన భర్త లైదుగురు నన్నుఁ గాచుచుందురు.

ఇచ్చట తిక్కన నేర్పు చదువరులు గుర్తింపవలెను. ఇల్లడుగు ఘట్టములలో సాధారణముగా అడుగువారి దైన్యమే కవికిఁ గావలసినది. ఇచ్చువారు తలుపు తీయుటకో మూయుటకో మాత్రమే యుందురు. తిక్కన సుధేష్ణకు సంసారమిచ్చెను, ఆ సంసారమునుగూర్చిన దిగులిచ్చెను. ఆమె సందేహము నీచమని చదువరికిఁ దోఁపదు. ఏ యిల్లాలికైనఁ గలుగునదే యనిపించును. తరువాతి కథలో నీ దిగులు మఱొకదారిని నిజమైనది. కీడు మగనివలన రాలేదు, తోడఁబుట్టినవానివలన వచ్చినది. ఎంగిలి ముట్టనన్న సైరంధ్రిని మద్యము తెమ్మని కీచకునింటికిఁ బంపినదియు సుధేష్ణయే. సభలోఁ బడి మొఱపెట్టుకొన్నపుడు విరాటుఁడు దిక్కు కాలేకపోయెను. చోటిచ్చుట వేఱు, కాపిచ్చుట వేఱు అను సంగతి కవి చెప్పక చూపెను.

పాండవులందఱు నొక్క నగరమున నున్నను వారి కొక యిల్లు లేదు. వంటశాల, నర్తనశాల, గుఱ్ఱపుసాల, ఆలమంద, అంతఃపురము, రాజసభ — ఆఱుగురు ఆఱుచోట్ల. ద్రౌపది నడిరేయి భీముని వెదకికొనుచు వంటయింటికిఁ బోయినపుడు మాత్రము ఆ యేఁడంతటిలో నిల్లనఁదగిన చోటొకటి వారికిఁ గొంతసేపు దొరకినది. పొయ్యిప్రక్కన నిద్రించువానిని లేపి తన దుఃఖము చెప్పుకొన్న ఆ రాత్రికి నర్తనశాలలోని రాత్రికంటె నెక్కువ విలువ నియ్యవలెను. పేళ్లు బయల్పడిన పిదపఁగాని వారికి ఉపప్లావ్యమున నివాసము గలుగలేదు. ద్వారకనుండి బిడ్డలు వచ్చుటయు, అభిమన్యుని పెండ్లియు నటుతరువాతివి. సొంతపేరుతో నున్నచోటనే కాఁపురము నిలిచినది.

దీనితోఁ బోల్చుటకు మనుచరిత్ర తగినదని కొందఱనవచ్చును. ప్రవరుఁడు హిమవంతమున దారి తప్పి వరూధిని నడిగినది యిల్లు గాదు, ఇంటికిఁ బోవు దారి. ఆమె యడుగని యిల్లిచ్చును; ఆతఁడు కాదనును. అందము వేఱు, ప్రశ్నయు వేఱు.

ఆధునికసాహిత్యమునఁ బరదేశనివాసకథకు మొదటఁ బేర్కొనవలసినది మొక్కపాటి నరసింహశాస్త్రి బారిష్టరు పార్వతీశము. 1924లో వెలసిన మొదటిభాగమున మొగల్తూరు యువకుఁడు చెన్నపట్టణము దాఁటి, ఓడయెక్కి సీమకుఁ జేరును. చదువు నెపముగాఁ బోయినవాఁడే కాని, క్రొత్తగదిలో నెట్లు మెలఁగవలెనో తెలియని వాని తికమక కొలువుకుఁ బోయినవాని తికమకవంటిదే. నవ్వించుటలో దీనికి సాటియైన నవల తెలుఁగున మఱొకటి కష్టము. అయినను కథ యంతయు పార్వతీశము నోటఁ జెప్పఁబడుటచే, సీమలో నాతనికిఁ జోటిచ్చిన వారందఱు నాతని కన్నులకుఁ గనఁబడినంతవఱకే మనుష్యులు. నల్లనివాఁడు, భాష రానివాఁడు, మర్యాద తెలియనివాఁడు వాకిట నిలిచినపుడు లోపలివారి మనసున నేమి మెదలెనో నవలకుఁ బట్టదు. హాస్యమున కది యావశ్యకము గాదనవచ్చును. కాని సుధేష్ణ మాట విన్న చెవులకుఁ గొఱఁత తెలియును. మొక్కపాటి దోషముకంటె నిది యా తరువాతివారి కలవాటైపోయిన తెఱఁగు. ప్రవాసమునుగూర్చి మన రచయితలు వ్రాసినపు డెల్లఁ గలము వచ్చినవాని చేతిలోనే యుండుట కాననగును.

ఈ కొఱఁత పరదేశకథలలో నంతగా బాధింపదు. ఎడింబరోలోని యింటిదొరసాని తన మాట తన భాషలోఁ జెప్పుకొనఁగలదు. తెలుఁగుదేశములోనే, తూర్పుకనుమల మన్యమున, అది తీవ్రమగును. అచ్చటికిఁ గొలువులకై పోయిన ఉపాధ్యాయులకు, గుమాస్తాలకు, వైద్యులకు మన్యము పరదేశమే, ఇల్లు వెదకికొనవలసినదే. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలములోని లంబసింగి యందుల కుదాహరణము. సముద్రమట్టమున కించుమించు 1000 మీటర్ల యెత్తున నున్న యీ యూర డిసెంబరు, జనవరి మాసములందు ఉష్ణము సున్న డిగ్రీల దరికి దిగును. కాఫీ, మిరియపుఁ దోఁటలు, పొగమంచు చూడవచ్చువారికై గుడారములును బసలును వెలసినవి. చుట్టుపట్ల భగతలు, కొండదొరలు, ఖోందులు మొదలగువారు నివసింతురు.

ఇచ్చట నిల్లడుగుట యెట్టిదో చట్టములు చెప్పును. 1917లో మద్రాసు ప్రభుత్వమును, 1959లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వమును గిరిజనుల భూములు పరులకుఁ జేరకుండ నిబంధనలు చేసినవి. 1970 నాఁటి సవరణము మఱింత గట్టిది: షెడ్యూలు ప్రాంతమున గిరిజనేతరుని చేతనున్న స్థిరాస్తి మొదట గిరిజనునిదే యని యూహింపవలెను; గిరిజనేతరులు తమలోఁ దామైనను అమ్ముకొనరాదు. బదలాయింపనఁగా విక్రయమే కాదు. దానము, తనఖా, కౌలు గూడ నందుఁ జేరును. 1997లో సమతా వ్యాజ్యమున సుప్రీముకోర్టు, ప్రభుత్వమైనను గిరిజనేతరులకుఁ గౌలీయరాదని నిర్ణయించెను. మత్స్యదేశమునఁ బాండవు లెట్లుండిరో చట్టదృష్టితో మైదానపువాఁడు లంబసింగిలో నట్లే యుండవలెను: స్వామిగాఁ గాదు, కొలువువానిగా. ధౌమ్యుఁడు చెప్పక విడిచిన ప్రశ్న యిచ్చటఁ దలయెత్తును. ఇల్లిచ్చువాఁడు రాజు గాఁడు. పోడు గొట్టుకొని బ్రతుకువాఁడు. వాని యింటిని గొలఁతగాఁ గొన్నచో బసలలోఁ బెక్కింటి కప్పులు దింపవలసివచ్చును.

చరిత్రలోను నీ కొండల కిద్దఱు పరాయివారు దగ్గఱదగ్గఱగా వచ్చిరి. ఒకఁడు గూడెము డెప్యూటీ తహసీలుదారు బాస్టియన్. నర్సీపట్నమునుండి లంబసింగి మీఁదుగాఁ జింతపల్లికి బాట వేయించుటలో మన్యపువారిని జాలీచాలని కూలికి వెట్టివలెఁ బని చేయించినాఁడని వానిపై నాక్రోశము. రెండవవాఁడు మైదానమునుండి 1917లోఁ గృష్ణదేవిపేటకు వచ్చి నిలిచిన అల్లూరి శ్రీరామరాజు. మన్యమువా రొకనికిఁ జోటిచ్చిరి, ఒకనిపైఁ దిరుగఁబడిరి. 1922 ఆగస్టు 22వ తేది చింతపల్లి ఠాణాపై దాడి యా తిరుగుబాటునకు మొదలు. వచ్చినవారిలో నెవ్వరి కే తావీయవలెనో యెంచి చూచుకొనుట యా జనులకుఁ దెలియదనుకొనుట పొరపాటు.

అయినను సాహిత్యమున నా యెంపికను వారి నోటినుండి విన్న పుటలు స్వల్పము. మైదానపు రచయితలు మన్యముపై వ్రాసినపు డడవి యందముగా నుండును, గిరిజనుఁడు మంచివాఁడుగా నుండును, వచ్చినవానికి వెంటనే నీళ్లిచ్చి చాప పఱచును. సుధేష్ణవలె సందేహించు గిరిజనస్త్రీ వారి కథలలో నరుదు. సందేహమును హరించుట మంచితనము నిచ్చుట గాదు, మనిషితనమును దగ్గించుట. కొండసీమలఁ బుట్టిన మల్లిపురము జగదీశ్ శిలకోలవంటి కథాసంపుటములతో నీ పద్ధతి కొంత మాఱుచున్నది. లోపలినుండి చూచిన వాకి లెట్లుండునో చెప్పుటకు అట్టివారికిఁ గల యధికారము పార్వతీశమునకు లేదు.

ఊరి రెండవపే రీ సందర్భమున విచారింపఁదగును. లంబసింగిని గొర్రబయలనియు నందురు. బయట నిద్రించినవాఁడు తెల్లవాఱునప్పటికిఁ గొఱ్ఱువలెఁ గొయ్యబాఱిపోవును గావున నా పేరు వచ్చినదని జనశ్రుతి. శబ్దశాస్త్ర మెఱిఁగినవాఁడు దీని నొప్పుకొనుటకు సంకోచించును: కొఱ్ఱలు కొండవారి పంట, బయలనఁగా మైదానము, కొఱ్ఱచేలున్న బయలని చెప్పిన యర్థము సరిపోవును, కథ యక్కఱలేదు. వ్యుత్పత్తిగా నీ రెండవదియే బలమైనది. కాని జనశ్రుతిని బొల్లుమాటయని పాఱవేయుట విమర్శకునికిఁ దగదు. ఆ కథ చెప్పునది చలిలో వాకిట నిలిచిన క్రొత్తవానితో. చెప్పువాఁడు లోపల నిప్పుప్రక్కన నున్నవాఁడు. ఇల్లిచ్చువారి నోటి మాటగా లంబసింగినుండి పైకి వ్యాపించిన రచన నేఁటికిఁ బ్రధానముగా నీ యొక్క వాక్యమే. దాని తరువాత నేమి మాటలు జరుగునో, ఎవ్వరిని లోనికి రమ్మందురో, ఎవ్వరి నూరు పేరు అడుగుదురో అక్కడి పెద్దలవలన విని వ్రాసికొనవలసియున్నది.