వాడకపోతే అరిగేది

స్కూటర్‌లో టైర్లు తిరిగితే అరుగుతాయి. బ్రేక్ లైనర్లూ అంతే, బెల్టూ అంతే. బ్యాటరీ మాత్రం బండిని నిలబెడితే పాడవుతుంది. ఈ ఒక్క సంగతి పట్టించుకుంటే మన ఇళ్లలో మూలపడేస్తున్న బ్యాటరీల్లో చాలావాటికి ఇంకో ఏడాదో రెండేళ్లో ఆయుష్షు ఉండేదని నా గట్టి నమ్మకం.

మా వీధి చివర మెకానిక్ షెడ్డుకు పొద్దున్నే బండి తోసుకుంటూ వచ్చేవాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లే. పిల్లలు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉంటారు. బండి వారానికోసారి గుడికీ, రైతుబజారుకీ తప్ప కదలదు. వెళ్లిన ఆ కాస్త దూరంలోనూ పాల బూత్ దగ్గర ఆపి, మందుల షాపు దగ్గర ఆపి, ప్రతిసారీ సెల్ఫ్ నొక్కుతారు. నొక్కిన ఆ రెండు క్షణాల్లో స్టార్టర్ మోటార్ పదుల ఆంపియర్ల కరెంటు లాగేస్తుంది. చాలా స్కూటర్లలో ఉండేదేమో 4, 5 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీ. ఆ లోటు పూడే లోపే ఇల్లు వచ్చేస్తుంది. ఇక మళ్లీ వారం దాకా బండి కవరు కిందే.

ఆ కవరు కింద ఏం జరుగుతుందో తెలిస్తే ఎవరూ బండిని అలా వదిలేయరు. బ్యాటరీలో సీసం ప్లేట్లు, వాటి మధ్య గంధకామ్లం ఉంటాయి. చార్జింగ్ తగ్గేకొద్దీ ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది, చార్జింగ్ ఎక్కితే పోతుంది. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టాన్ ప్లాంటే తయారుచేసిన నాటినుంచీ ఈ రకం బ్యాటరీ స్వభావం ఇదే. తక్కువ చార్జింగ్‌తో వారాల తరబడి వదిలేస్తే ఆ పొర గట్టిపడి స్ఫటికాలుగా మారుతుంది. అప్పుడిక ఎంత చార్జింగ్ పెట్టినా పూర్తిగా కరగదు. బ్యాటరీ నిండినట్టే కనిపిస్తుంది, సెల్ఫ్ కొట్టగానే చతికిలబడుతుంది.

దీనికి మన ఎండలు తోడు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో రేకుల షెడ్డు కింద నిలబెట్టిన బండిలో చార్జింగ్ దానంతటదే దిగిపోయే వేగం కూడా పెరుగుతుంది, లోపలి ప్లేట్లు త్వరగా తుప్పు పడతాయి. బండి మొరాయించేది మాత్రం డిసెంబరు చలిలో. ఇంజిన్ ఆయిల్ చిక్కబడి, బ్యాటరీలో రసాయన చర్య మందగించిన పొద్దుటి పూట. అందరూ చలిని తిట్టుకుంటారు గానీ దెబ్బ తగిలింది వేసవిలోనే. బండిని నీడన పెట్టడం కూడా బ్యాటరీ సంరక్షణే.

పాత స్కూటర్లకు బ్యాటరీ పోతే హారనూ ఇండికేటర్లూ పోయేవి, కిక్ కొడితే బండి కదిలేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక పెట్రోలును ఇంజిన్‌లోకి కొలిచి పంపే పనిని ఎలక్ట్రానిక్స్ చేస్తున్నాయి. పెట్రోల్ పంపు తిరగాలన్నా కరెంటు కావాలి. బ్యాటరీ పూర్తిగా డౌన్ అయితే కిక్ రాడ్ ఉన్న బండి కూడా ఒక్కోసారి లేవదు. 2017 నుంచి వచ్చిన బండ్లలో పగలూ హెడ్‌లైట్ వెలుగుతూనే ఉండటం మరో భారం. దీనిపైన జీపీఎస్ ట్రాకర్లు, అలారాలు, మొబైల్ చార్జర్లు తగిలిస్తే ఆపి ఉంచిన బండిలోనూ కొంత కరెంటు కారిపోతుంటుంది.

“సెల్ఫ్ తీసుకోవట్లేదు సార్, బ్యాటరీ పోయింది, కొత్తది వేసేద్దాం” అని మెకానిక్ అంటే వెంటనే తలూపకండి. మీటర్ పెట్టి చూడమనండి. కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటర్ ఇంట్లో ఉంటే మరీ మంచిది. రాత్రంతా ఆపి ఉంచిన బండికి ఫుట్‌బోర్డు కిందో సీటు కిందో ఉన్న మూత తీసి, ఎర్ర వైరు ప్లస్‌కి, నల్ల వైరు మైనస్‌కి ఆనించండి. 12.7 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు. 12.2 కన్నా కిందికి వస్తే ఆ రోజే చార్జింగ్ పెట్టాలి. తర్వాత బండి స్టార్ట్ చేసి, సెంటర్ స్టాండ్ మీద ఉంచి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి మళ్లీ చూడండి. మీటర్ సుమారు 13.8కీ 14.5కీ మధ్య నిలవాలి. 13 దాటకపోతే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు, చార్జింగ్‌ను అదుపుచేసే ఆర్.ఆర్. (రెగ్యులేటర్-రెక్టిఫయర్) యూనిట్‌నో, చార్జింగ్ కాయిల్‌నో, వదులైన వైరునో అనుమానించాలి. 15 దాటిపోతే బ్యాటరీ ఉడికిపోతున్నట్టే. ఇవి చూడకుండా కొత్త బ్యాటరీ వేయిస్తే అదీ కొన్ని నెలల్లోనే పాతదాని దారి పడుతుంది.

టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉంటే ముందు మైనస్ వైరు విప్పి, వంట సోడా కలిపిన వేడి నీళ్లలో ముంచిన బ్రష్‌తో రుద్ది, బాగా ఆరాక బిగించి కాస్త వాజెలిన్ రాయండి. నిండా ఉన్న బ్యాటరీ కూడా ఆ పొడి వల్ల సెల్ఫ్ కొట్టదు.

ఇంట్లో చార్జింగ్ పెట్టేవాళ్లు సామర్థ్యంలో పదో వంతు కరెంటు ఇచ్చే చార్జర్ వాడాలి. 5 ఆంపియర్-అవర్ బ్యాటరీకి అర ఆంపియర్ చాలు. గంటలో ఎక్కించేస్తామనే కారు బ్యాటరీ చార్జర్ల జోలికి వెళ్లొద్దు. ఆ వేగానికి సీలు వేసిన బ్యాటరీలో ఆవిరైపోయిన నీళ్లను మళ్లీ పోయలేం. ఇంకో మాట: బండిని స్టాండ్ మీద ఐదు నిమిషాలు ఆన్ చేసి ఆపేస్తే ఏమంత చార్జింగ్ ఎక్కదు. వారానికోసారి అరగంట రోడ్డు మీద తిప్పాల్సిందే. ఊరెళుతుంటే పక్కింటివాళ్లకు తాళం ఇవ్వండి, అదీ కాకపోతే మైనస్ వైరు విప్పి వెళ్లండి.

నిజంగానే కొత్తది కొనాల్సి వస్తే తయారైన నెల చూడండి, షాపులోనే వోల్టేజీ కొలిపించండి, వారంటీ కార్డు మీద తేదీ వేయించుకోండి. పాతదాన్ని తూకానికి అమ్మేయకండి. ఏ పెరట్లోనో పగలగొట్టి కరిగించే సీసం పొగ చుట్టుపక్కల పిల్లల మెదడుకు చేటు. కొత్త బ్యాటరీ కొన్న చోటే పాతది ఇచ్చేయండి. వెనక్కి తీసుకునే ఏర్పాటు చూడాల్సిన బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు తయారీదార్ల మీదే పెట్టాయి.